క్లిక్‌మంటే లాక్ పడినట్టేనా?
సందేహాలు - సమాధానాలు

ప్ర: మా స్ట్రోలర్ హ్యాండిల్‌ను మూడు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు. మా అత్తగారు పొట్టి, నేను కాస్త పొడవు. అందుకని రోజూ మారుస్తూనే ఉంటాం. మొన్న అపార్ట్‌మెంట్ ర్యాంపు ఎక్కిస్తుంటే హ్యాండిల్ ఉన్నట్టుండి కిందికి జారిపోయింది. బాబుకి బెల్టు పెట్టాను కాబట్టి సరిపోయింది. పైకి లాగినప్పుడు క్లిక్‌మన్న చప్పుడు నేను విన్నాను. అయినా ఎందుకు జారింది?
- ఓ తల్లి, నెల్లూరు

జ: మీరు విన్న క్లిక్ ఒక పక్కది మాత్రమే అయ్యుంటుంది. హ్యాండిల్‌కి ఎడమా కుడీ రెండు గొట్టాలు, చెరో లాకు ఉంటాయి. ఒక చేత్తో పాపాయిని పట్టుకుని రెండో చేత్తో లాగితే హ్యాండిల్ కొద్దిగా ఒరుగుతుంది. అప్పుడు ఒక పిన్ను బెజ్జంలో పడుతుంది, రెండోది వెంట్రుకవాసిలో బెజ్జం అంచు మీద ఆగిపోతుంది. ఒక్కోసారి రెండూ అంచు మీదే ఆగి, గొట్టాల రాపిడి వల్లే హ్యాండిల్ నిలబడుతుంది. చదునైన నేల మీద తోస్తున్నంతసేపూ తేడా తెలియదు. ర్యాంపు దగ్గర చేతుల బరువు పడగానే జారుతుంది.

ఇకమీదట రెండు చేతులతో సమానంగా లాగండి. క్లిక్‌మన్నాక రెండు పక్కలా గట్టిగా కిందికి ఒకసారి నొక్కి, పైకి ఒకసారి లాగి చూడండి. అదంతా బాబుని కూర్చోబెట్టకముందే కావాలి. పిన్నుల దగ్గర నూనె వేయకండి. నూనెకి దుమ్ము పట్టి, పిన్ను ఇంకా మొండికేస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు. ఇంత చేశాక కూడా జారితే ఆ బండి వాడటం మానేయండి.

ఒక మాట. తప్పు మీది కాదు. ఏడుస్తున్న బిడ్డను చంకనేసుకుని ఒంటిచేత్తో బండి సర్దుకోవడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసిన హ్యాండిల్‌దే తప్పు.

ప్ర: సార్, కాకినాడలో మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మడతపెట్టే స్ట్రోలర్‌కి ఎత్తు మార్చుకునే హ్యాండిల్ డిజైన్ చేయడం మా ప్రాజెక్టు. గొట్టంలోంచి గొట్టం జారే రకం మంచిదా, కీలు మీద తిరిగే రకం మంచిదా? భద్రత కోసం ఏమేం చూసుకోవాలి?
- ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జ: ముందు ఎంత ఎత్తు మారాలో తేల్చుకోండి. మనిషి నిలబడినప్పుడు మోచెయ్యి ఉండే ఎత్తు సుమారుగా అతని పొడవులో 63 శాతం. హ్యాండిల్ దానికి బెత్తెడు కింద ఉంటే భుజాలు నొప్పెట్టవు. 5 అడుగుల మనిషికి ఆ లెక్కన 86 సెంటీమీటర్లు, 6 అడుగుల మనిషికి 105. అంటే మీకు సుమారు 20 సెంటీమీటర్ల తేడా కావాలి.

జారే గొట్టంతో ఆ 20 తెచ్చారనుకోండి. గొట్టం నేలకి 60 డిగ్రీల వాలులో ఉంటే 23 సెంటీమీటర్లు బయటికి లాగాలి. అప్పుడు హ్యాండిల్ పైకి పోవడమే కాదు, వెనక్కి కూడా 11 సెంటీమీటర్లకు పైగా పోతుంది. ఈ వెనక్కి పోవడం ఎంత ప్రమాదమో తెనాలి నుంచి వచ్చిన కింది ఉత్తరంలో చూస్తారు. కీలు మీద తిరిగే రకంలో 20 సెంటీమీటర్ల పొడవున్న చేయి, అడ్డంగా ఉన్న గీతకి 30 డిగ్రీలు కింది నుంచి 30 డిగ్రీలు పైకి తిరిగితే సరిగ్గా 20 సెంటీమీటర్ల ఎత్తు మారుతుంది. రెండు కొసల్లోనూ హ్యాండిల్ వెనక చక్రాలకు ఒకే దూరంలో ఉంటుంది. అందుకే నా ఓటు తిరిగే రకానికి.

అయితే దాని కష్టం దానికుంది. ఫుట్‌పాత్ ఎక్కించడానికి ముందు చక్రాలు లేపాలంటే హ్యాండిల్‌ని కిందికి నొక్కుతాం. 20 కిలోల బరువుతో నొక్కారనుకుందాం. 20 సెంటీమీటర్ల చేయి కాబట్టి కీలు దగ్గర 400 కేజీ-సెంటీమీటర్ల మెలి. లోపల పళ్ల చక్రం వ్యాసార్ధం 2 సెంటీమీటర్లే అయితే పళ్ల మీద పడే బలం 200 కిలోలు. రెండు పక్కలా పంచుకుంటే చెరో 100. నెల్లూరు అమ్మాయి బండిలోలాగా ఒక పక్కే లాక్ పడితే మొత్తం 200 ఆ ఒక్క ప్లాస్టిక్ చక్రం మీదే. పళ్లు మొదటిరోజే విరగవు, అంచులు గుండ్రంగా అరిగి ఒకనాడు జారతాయి. వ్యాసార్ధం 3 సెంటీమీటర్లు చేస్తే అదే బలం 133కి దిగుతుంది. కీలు గుబ్బ కాస్త లావుగా కనిపిస్తుందని మీ గైడు పేచీ పెడితే ఈ లెక్క చూపించండి.

ఇక లాకు విషయం. మీ ప్రాజెక్టు అంతా దీని మీదే నిలబడాలని నా అభిప్రాయం. లాక్ పడని బండి అంత ప్రమాదం కాదు, అది ఊగిపోతూ తన సంగతి తానే చెప్పేస్తుంది. ప్రాణం మీదికి తెచ్చేది సగం పడిన లాకు. అలాంటి సగం స్థితి అసలు ఉండకుండా చేయాలి, లేదా ఉంటే కంటికి కనిపించేలా చేయాలి. రెండు పక్కల లాకుల్నీ విడివిడి బటన్లకి వదిలేయకుండా హ్యాండిల్ మధ్యలో ఒకే మీటతో కలపండి. రెండూ పూర్తిగా పడితేగానీ ఆ మీట మొదటి చోటికి తిరిగి రాకూడదు. అంతవరకు మీట కింద ఎర్రటి పట్టీ కనిపిస్తూ ఉండాలి. ఇదేమీ కొత్త సంగతి కాదు. గొడుగులా మడిచే బగ్గీని 1965లో రూపొందించిన ఓవెన్ మెక్లారెన్ విమాన ఇంజనీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన మనిషి. ముడుచుకునే చక్రాలున్న విమానంలో, అవి దిగి లాక్ పడ్డాయో లేదో చూపే గుర్తు పైలట్ ఎదురుగా ఉంటుంది. దిగేముందు అతను ఊహ మీద ఆధారపడడు. విమానం నుంచి అల్యూమినియం గొట్టమూ, మడిచే పద్ధతీ స్ట్రోలర్‌లోకి వచ్చాయి గానీ, ఆ గుర్తు మాత్రం చాలా బండ్లలో ఇంకా కనపడదు.

పిన్ను తల గుండ్రంగా ఉంటే బరువు పడ్డప్పుడు అదే మెల్లగా లోపలికి తోసుకుపోతుంది. తల కొస కాస్త వంపుగా ఉన్నా, బరువు మోసే పక్కలు నిటారుగా ఉండాలి. ఉక్కు పిన్నుని నేరుగా పలుచటి అల్యూమినియం గొట్టంలో ఆడనివ్వకండి. బెజ్జం అరిగి కోడిగుడ్డులా సాగుతుంది. మధ్యలో బుష్ వేయండి.

చాలామంది విద్యార్థులు జారిపడే చోటు ఇంకొకటుంది. మడతపెట్టే మీటని హ్యాండిల్ మీదే పెట్టి, గొట్టం లోపల్నుంచి సైకిల్ బ్రేకు వైరు లాంటి కేబుల్‌ని కిందికి దింపుతారు. హ్యాండిల్ పొడవు మారితే ఆ కేబుల్ దారి కూడా మారుతుంది. పొట్టిగా ఉన్నప్పుడు వదులు, పూర్తిగా లాగినప్పుడు బిగుతు. ఆ బిగుతుకి మడత లాకు పిన్ను ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చిందంటే, ఎత్తు మార్చడానికి చేసిన పని బండినే సగం విప్పేస్తుంది. కాబట్టి మడత మీటని కదలని గొట్టం మీదే, కింద పెట్టండి. ఎత్తు మార్చే కదలికకూ మడిచే కదలికకూ పోలిక లేకుండా చూడండి. ఒకటి నొక్కేదైతే ఇంకోటి తిప్పేది కావాలి. మడత లాకులు రెండుండాలి, అందులో ఒకటి బండి విప్పగానే దానంతటదే పడాలి. బొమ్మల భద్రతకున్న యూరప్ ప్రమాణం ఈఎన్ 71, పిల్లలు బొమ్మని కూర్చోబెట్టి తోసే కొన్ని రకాల ఆటబండ్లకే రెండు లాకులు అడుగుతుంది. నిజం బిడ్డ కూర్చునేదానికి మీరు అంతకన్నా తక్కువ పెడతారా?

అదే ప్రమాణంలో కీళ్ల సందులకి ఒక సూత్రం ఉంది, నేను ఎక్కడైనా వాడతాను. సందులో 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరితే 12 మిల్లీమీటర్లదీ దూరాలి. అంటే వేలు అసలు పట్టకూడదు, పడితే నలగకుండా బయటికి రావాలి. మధ్యస్థంగా ఉండే సందే వేలిని కొరుకుతుంది. కీలు తిరిగేటప్పుడు సందు మారుతుంది కాబట్టి ఒక్క స్థానంలో కొలిచి ఊరుకోవద్దు.

పరీక్ష ఎలా చేయాలంటారా? సీటులో బరువు కట్టి, హ్యాండిల్‌ని కిందికీ పైకీ వేలసార్లు ఆడించే యంత్రం ఒకటి తయారుచేయండి. ప్రతి ఎత్తులోనూ చేయండి. తరువాత కావాలనే లాకుని సగంలో ఆపి మళ్లీ చేయండి. ఈ రెండో పరీక్షలో ఏం జరిగిందో రాసిన రిపోర్టే నాకు చదవాలని ఉంటుంది.

ప్ర: మా అమ్మాయి బెంగళూరు నుంచి స్ట్రోలర్ పంపించింది. మనవరాలిని రైతుబజారుకి తీసుకెళ్లి, కూరగాయల సంచీ హ్యాండిల్‌కి తగిలించి తెచ్చాను. ఇంటికొచ్చి పాపను ఎత్తుకోగానే బండి వెనక్కి దబ్బున పడింది. బండిలో లోపమా?
- ఓ అమ్మమ్మ, తెనాలి

జ: లోపం సంచీలో ఉందమ్మా. వెనక చక్రాల ఇరుసు దగ్గర నిలబడి ఉజ్జాయింపుగా లెక్క చూద్దాం. బండి బరువు 7 కిలోలు, అది ఇరుసుకి 25 సెంటీమీటర్లు ముందు పడుతుంది. 7ని 25తో హెచ్చిస్తే 175. పాప 10 కిలోలు, 20 సెంటీమీటర్లు ముందు. అది 200. రెండూ కలిపి 375 బండిని నేలకి అదిమి ఉంచుతాయి. సంచీ 6 కిలోలు, ఇరుసుకి 35 సెంటీమీటర్లు వెనక వేలాడుతోంది. అది 210. పాప ఉన్నంతసేపూ 375 గెలుస్తుంది. పాపను ఎత్తగానే మిగిలేది 175, సంచీదే పైచేయి.

పాప చేతుల్లో ఉండగా పడింది కాబట్టి బతికిపోయాం. ఇదే బండిలో జారే గొట్టాన్ని పూర్తిగా లాగితే సంచీ ఇంకో 11 సెంటీమీటర్లు వెనక్కి పోయి 276 అవుతుంది. పాప నిద్రపోయిందని సీటు వాల్చారనుకోండి, పాప బరువు ఇరుసు వైపు జరిగి 8 సెంటీమీటర్ల ముందుకే పరిమితమవుతుంది. 80, 175 కలిపితే 255. అప్పుడు పాప లోపల ఉండగానే బండి వెనక్కి తిరగబడుతుంది. అమెరికాలో 1990 నుంచి 2010 వరకు ఆస్పత్రి ఎమర్జెన్సీ రికార్డుల్ని పరిశీలిస్తే, స్ట్రోలర్ గాయాల్లో పిల్లలు కిందపడటం మొదటి స్థానంలోనూ, బండి తిరగబడటం తరువాతి స్థానంలోనూ ఉన్నాయి.

వంకాయలూ బెండకాయలూ సీటు కింద బుట్టలో వేయండి. గుమ్మడికాయ అయితే ఆటో మాట్లాడుకోండి.

ప్ర: బాలానగర్‌లో వెల్డింగ్ షాపు నడుపుతాను. ఒకాయన వచ్చి, తాను ఆరడుగులున్నాననీ, స్ట్రోలర్ హ్యాండిల్‌కి అర అడుగు గొట్టం అతికించమనీ అడిగారు. చేయొచ్చా?
- వర్క్‌షాపు యజమాని, హైదరాబాద్

జ: వద్దు. చాలా స్ట్రోలర్ల చట్రం అల్యూమినియం మిశ్రమం, దాని బలం ఫ్యాక్టరీలో వేడి చేసి తెచ్చిన బలం. మీరు టిగ్ వెల్డింగ్ పట్టగానే అతుకు చుట్టూ ఉన్న మేర ఆ బలంలో పెద్ద వాటా పోతుంది. పైకి ఎంత నున్నగా గ్రైండింగ్ చేసినా లోపల మెత్తబడిన లోహం గట్టిపడదు. ఆయనకి ఎత్తు ఎక్కువున్న మోడల్ కొనుక్కోమనండి. మీకు పోయేది వెల్డింగ్ ఛార్జీ ఒక్కటే.

ప్ర: మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. ఇక్కడ ప్రామ్‌కి మణికట్టు పట్టీ ఇస్తారు. మా వారు పొడవు, నేను పొట్టి. హ్యాండిల్ ఎత్తు మార్చినప్పుడల్లా పట్టీ అడ్డం వస్తోందని తీసేశాను. ఫరవాలేదా?
- ఓ గృహిణి, మెల్‌బోర్న్

జ: ఈరోజే మళ్లీ కట్టండి. మీ ఊళ్లోనే, ఆష్‌బర్టన్ స్టేషన్‌లో, 2009 అక్టోబరులో తల్లి చేయి వదిలిన ఒక్క క్షణంలో ప్రామ్ ప్లాట్‌ఫారం మీంచి దొర్లి పట్టాల మీద, వస్తున్న రైలు ముందు పడింది. బిడ్డ బతకడం అదృష్టం. ఆస్ట్రేలియాలో చేతి పట్టీ, ఎర్రరంగు మీట ఉన్న పార్కింగ్ బ్రేకు తప్పనిసరి చేసింది ఇలాంటి వాటి గురించే.

కానీ మీరు చెప్పిన ఇబ్బందీ నిజమే. అది చాలా బండ్లలో డిజైన్ లోపం. పట్టీని హ్యాండిల్ కదిలే భాగానికి కుడితే ఎత్తు మార్చేటప్పుడు మధ్యలో చుట్టుకుంటుంది. అంతకన్నా చెడ్డ సంగతి, ఆ భాగమే ఊడి చేతికొస్తే పట్టీ కూడా దానితోపాటే వచ్చేస్తుంది. పట్టీ ఉండాల్సింది కదలని చట్రానికి. మీ బండిలో చట్రానికి కట్టే వీలుంటే అక్కడికి మార్చి, పొట్టి ఎత్తులోనూ పొడవు ఎత్తులోనూ చెయ్యి అందుతోందో చూసుకోండి. పట్టీ మరీ పొడవై చక్రాల్లో పడకూడదు, లూప్ పిల్ల మెడకి అందే చోట వేలాడకూడదు.

ప్ర: స్నేహితులు అమెరికా నుంచి తిరిగొచ్చేస్తూ తెచ్చిన స్ట్రోలర్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? ఏం చూడాలి?
- కాబోయే తండ్రి, వరంగల్

జ: ముందు చట్రం మీద అంటించిన లేబుల్ వెతికి మోడల్ నంబరు, తయారైన తేదీ రాసుకోండి. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూడండి. 2009 నవంబరులో మెక్లారెన్ స్ట్రోలర్లు సుమారు 10 లక్షలు అక్కడ రీకాల్ అయ్యాయి. మడత కీలులో పడి 12 మంది పిల్లల వేలి కొసలు తెగిపోయాయని కంపెనీకి ఫిర్యాదులు అందాయి. కీలు మీద తొడిగే కవర్లు పంపించారు. 2014 నవంబరులో గ్రాకో బండ్లు 47 లక్షలదాకా ఇలాగే పక్క కీళ్ల గురించి రీకాల్ అయ్యాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ మనవాళ్ల అటకల మీద ఉన్నా ఆశ్చర్యం లేదు. కవర్ల సంగతి వాళ్లకి గుర్తుందో లేదో అడగండి.

నంబరులో ఏమీ తేలకపోతే, 10 కిలోల బియ్యం బస్తాని సీట్లో పెట్టి బెల్టు కట్టండి. హ్యాండిల్‌ని ఒక్కో ఎత్తులో పెట్టి, ముందు చక్రాలు లేచేదాకా నొక్కండి, గుమ్మం మెట్టు ఎక్కించి దించండి. కీలు దగ్గర చెవి పెట్టి, హ్యాండిల్‌ని అటూ ఇటూ ఊపండి. కాస్త ప్లే ఉంటుంది, కానీ రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఒక పక్క ఎక్కువగా టకటకమంటే ఆ పక్క పళ్లో పిన్నో అరిగిందని అర్థం. ఉచితంగా ఇస్తున్నా సరే, వెనక్కి ఇచ్చేయండి.