నాయనమ్మ జననం: ప్రజోత్పత్తి నామ సంవత్సరం, కార్తీక మాసం

చిరంజీవి మనుమడికి కల్లూరు నుంచి చిన్నతాత ఆశీస్సులు.

రానున్న శ్రావణంలో జరగవలసిన నాయనమ్మ సంవత్సరీకానికి ఒక సంస్మరణ సంచిక అచ్చువేయించాలన్న సంకల్పం ఎంతో మంచిదే కాని, దాని మొదటి పుటలోనే ఆమెను నూరేళ్లు నిండిన త్యాగమూర్తిగా పేర్కొనబోతున్నట్టు చిరంజీవి రాసిన గత ఉత్తరంలో చదివినప్పటి నుంచి ఇక్కడి పెద్దవారికి మనసు స్థిమితంగా లేదు. పెద్దకర్మ నాడు కల్లూరు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ మీద కూడా నూరు అనే సంఖ్యే ఉన్నది; ఆనాటి దుఃఖంలో ఎవరూ దానిని పట్టించుకోలేదు, మొదటి గాలివానకు ఆ ఫ్లెక్సీ చిరిగిపోయింది. అచ్చుపుస్తకం అలా పోయేది కాదు, రేపు చిరంజీవి పిల్లలు, వారి పిల్లలు దానినే ప్రమాణంగా తీసుకుంటారు. కనుక ఆమె వయస్సు ఎంతో, అది ఎలా తేలుతుందో విపులంగా రాయవలసి వస్తున్నది. చిరంజీవి ఓపిక పట్టి చివరిదాకా చదవాలి.

ఆ నూరు ఆధార్ కార్డు నుంచి వచ్చింది. కార్డు మీద పుట్టిన తేదీ 1925 జనవరి 1 అని ఉన్నది. పుట్టిన తేదీకి పత్రం చూపలేనివారి విషయంలో వారు చెప్పిన వయస్సును బట్టి సంవత్సరాన్ని లెక్కగట్టి, నెలా రోజూ తెలియనప్పుడు జనవరి 1గా నమోదు చేయడం అక్కడి పద్ధతి. ఒకే ఊళ్లో అంతమంది వృద్ధులు జనవరి ఒకటినే పుట్టినట్టు కనిపించడానికి కారణం ఇదే. 2015లో ఆమెను నమోదుకు తీసుకువెళ్లినవారు తొంభై ఉంటాయని ఉజ్జాయింపుగా చెప్పారు, యంత్రం అందులోంచి 1925ను తీసింది, పదేళ్లు గడిచేసరికి ఆ తొంభై నూరైంది.

ఇది ఒక్క కుటుంబంలో జరిగిన పొరపాటు కాదు. జనాభా శాస్త్రంలో, అంటే జనన మరణాలను, వయస్సులను లెక్కగట్టి పరిశీలించే శాస్త్రంలో, తమ వయస్సు కచ్చితంగా తెలియనివారు సున్నాతోనో అయిదుతోనో ముగిసే సంఖ్యను చెప్పడాన్ని వయస్సుల కుప్పపోత అంటారు. దానిని కొలవడానికి విప్పుల్ సూచిక అనే లెక్క ఉన్నది: 23 నుంచి 62 ఏళ్ల మధ్యవారిలో సున్నా, అయిదులతో ముగిసే వయస్సులు చెప్పినవారు ఎందరో తీసి, ఆ సంఖ్యను అయిదు రెట్లు చేసి, మొత్తం మందితో భాగించి నూటితో గుణిస్తారు, ఫలితం 100 వస్తే కుప్పపోత లేదనీ, 500 వస్తే అందరూ గుండ్రని సంఖ్యలే చెప్పారనీ అర్థం. భారతదేశపు జనగణనల్లో ఈ కుప్పపోత స్పష్టంగా కనిపిస్తూ వచ్చింది. దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం 1969లో గాని రాలేదు, నిజాం పాలనలోని ఒక పల్లెలో పుట్టిన ఆడపిల్లకు పత్రం ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్రాన్సు దేశంలోని ఆర్ల్ పట్టణంలో 1875లో పుట్టి 1997లో కన్నుమూసిన జాన్ కాల్మాన్ 122 ఏళ్లు జీవించిందని లోకం అంగీకరించిందంటే, పుట్టినప్పటి నుంచీ ఆమె పేరు పట్టణపు దస్తావేజుల్లో, జనగణన పత్రాల్లో వరుసగా ఉండబట్టే. అయినా దానిని సందేహించి మళ్లీ మళ్లీ పరిశోధించినవారు ఉన్నారు. నూరేళ్లన్నది అంత బరువైన మాట, అచ్చు వేసేవారు దానికి ఆధారం చూపగలిగి ఉండాలి.

పత్రం లేని జీవితానికి ఆధారాలు వేరే ఉంటాయి. ఆమెకు పసుపు కుంకుమల కింద, అంటే పుట్టింటివారు ఆడపిల్లకు ఇచ్చే స్త్రీధనంగా, రాసి ఇచ్చిన రెండెకరాల చెలక కాగితం ఉర్దూలో ఉన్నది, దాని మీద ఫసలీ 1353 అని ఉన్నది. ఫసలీ అంటే శిస్తు వసూలుకు పంటకాలాన్ని బట్టి మొగల్ పాలకులు ఏర్పరచగా హైదరాబాదు రాజ్యంలో కొనసాగిన సంవత్సర గణన; దానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. పెళ్లి ఆ ఏడే జరిగింది కనుక అది 1943-44 నాటి మాట. పెద్ద కొడుకు, అంటే చిరంజీవి పెదనాన్న, రజాకార్ల భయంతో ఊళ్లకు ఊళ్లు సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలోకి వలస పోయిన రోజుల్లో, తిరువూరు దాపున ఒక పశువుల కొట్టంలో పుట్టాడు. అది సర్వధారి నామ సంవత్సరం, 1948 వానకాలం, సెప్టెంబరు నడుమ జరిగిన పోలీసు చర్యకు ముందరి మాట. ఆ కొట్టంలో బాలింత మంచం కింద నీళ్లు పారుతుంటే ఆమె రాత్రంతా బిడ్డను రొమ్ముకు అదుముకొని కూర్చున్నదని పెద్దవారు చెప్పేవారు. చిరంజీవి పెదనాన్నకు ఈ మధ్య జ్ఞాపకం తప్పుతున్నది, అయినా తల్లి చెప్పగా విన్న ఆ కొట్టం సంగతులను ఇంకా చెప్పగలడు. ఫోనులో కాక స్వయంగా వచ్చి కూర్చుని అడిగి రాసుకోవాలి.

వీటన్నిటి కంటే గట్టి ఆధారం ఈ చిన్నతాత బడిలో చేరిన నాటిది. కన్నతల్లి పోయిన తరువాత తమ్ముణ్ణి వెంటబెట్టుకొని అత్తవారింటికి వచ్చిన అక్క ఆమె. బడి ఉర్దూలో నడిచే కాలం. ఈడు తెలియని పిల్లవాడు కుడిచేతిని తల మీదుగా చాచి ఎడమ చెవిని అందుకుంటే చేర్చుకోవచ్చని పంతుళ్లు తేల్చేవారు. చెవి అందలేదు. పంతులు వచ్చే ఏడు రమ్మన్నాడు. తలుపు పక్కన కొంగు కప్పుకొని నిలబడ్డ అక్క అప్పుడు లోపలికి వచ్చి, తమ్ముడు విక్రమ నామ సంవత్సరంలో పుట్టాడనీ, అప్పటికి తనకు తొమ్మిదేళ్లు వెళ్లాయనీ, తాను పుట్టింది ప్రజోత్పత్తి కార్తీకంలో పున్నమి వెళ్లిన వారానికనీ, పురిటినాడు బావి నుంచి నీళ్లు తోడి పోసింది తానే కనుక లెక్క తప్పదనీ ఒక్క ఊపిరిలో చెప్పింది. పరాయి మగవాడి ముందు ఆమె అంత మాట్లాడటం అదే మొదలు. పంతులు పంచాంగం తీసి ఏళ్లు లెక్కపెట్టి, పేరు రాసుకున్నాడు. ఆ పంతులు మంచివాడు. మధ్యాహ్నం పిల్లలతో తన ఇంటి పెరట్లో చింతకాయలు రాలగొట్టించేవాడు, ఆ చింతకాయలతో ఆమె చేసిన పచ్చడి రుచి ఎనభై దాటిన నాలుక మీద ఇప్పటికీ ఉన్నది. చిరంజీవి హాస్టల్లో ఉన్నప్పుడు ఆమె పంపే జాడీలోదీ అదే పచ్చడి. చిరంజీవి వేళకు తింటున్నాడో లేదోనన్నది ఆమెకు చివరి దాకా ఉన్న దిగులు.

విక్రమ అంటే 1940-41, ప్రజోత్పత్తి అంటే 1931-32. అరవై సంవత్సరాల చక్రంలో ఒకటి పద్నాలుగోది, మరొకటి అయిదోది. ఆమె పుట్టింది 1931 కార్తీకంలో అయితే, 2025 శ్రావణంలో వెళ్లిపోయేనాటికి 93 నిండి 94 నడుస్తున్నది. పన్నెండో ఏట పెళ్లి, పదహారు నిండాక తొలి కాన్పు, అన్నీ దీనితో సరిపోతాయి. ఇంత స్పష్టంగా ఆమె నోటితోనే చెప్పిన లెక్కను తోసేసి యంత్రం లెక్కను అచ్చు వేయడం ఎంతమాత్రం తగదు. ఆమెకు లేని ఆరేళ్లు కలపాలనిపించడం ప్రేమ వల్లనేనని ఇక్కడివారికి తెలుసు. చివరి నెలల్లో సెలవు పెట్టి వచ్చి, చెంచాతో జావ పట్టిన మనుమడు ఇంకా ఆరేళ్లు ఉండి ఉంటే బాగుండుననుకోవడంలో తప్పేముంది? కాని ఉన్న ఏళ్లను చూపించడమే పుస్తకం పని.

ఆ ఏళ్లలో చూపవలసినవి చాలా ఉన్నాయి. ఆమె భద్రాద్రి రాముణ్ణి తొలిసారి చూసింది 1946 శ్రీరామనవమికి, అత్తగారి వెంట. కొత్తగూడెం, పాల్వంచల మీదుగా అడవి బాటన బండ్లు కట్టుకొని బూర్గంపాడు వైపు చేరి, గోదావరిని పడవ మీద దాటవలసిన కాలం అది. వంతెన 1965లో గాని రాలేదు. అప్పటికి భద్రాచలం మద్రాసు రాష్ట్రపు తూర్పు గోదావరి జిల్లాలోది, కల్లూరు నిజాం రాజ్యంలోది. నిజాం నాణెమైన హాలీ సిక్కా అవతలి ఒడ్డున చెల్లదు కనుక కల్దారు, అంటే బ్రిటిషువారి రూపాయి, మార్చుకోవాలి. ఏడు హాలీలకు సుమారు ఆరు కల్దార్లు వచ్చేవి. స్వామి హుండీలో వేయడానికి పుట్టింటివారు ఇచ్చిన హాలీ రూపాయి మారకంలో తగ్గిపోయిందని ఆమె ఏడ్చిందట. పాలనలు మారి, 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలోకే వచ్చిన తరువాత కూడా, తగ్గిన ఆ అణాలను ప్రతి నవమికీ విడిగా కొంగున ముడి వేసుకొని తీసుకువెళ్లేది.

చెలకలో జొన్న తప్ప వరి పండని రోజుల్లోనూ కల్యాణ తలంబ్రాలకు ఇన్ని వడ్లు సంపాదించి, రోకటి పోటు తగలకుండా ఒక్కొక్క గింజను గోటితో ఒలిచేది. గింజ విరగకూడదు, నూక కారాదు. బొటనవేలి గోరు మధ్యకు చీలి, ఆ చీలిక మళ్లీ పూడక, పసుపు పట్టిన సన్నని గాడిలా ఉండిపోయింది. పిల్లలకు అన్నం కలిపి పెట్టినప్పుడల్లా అందులో మెతుకు ఇరుక్కునేది. నాగార్జునసాగర్ కాల్వలకు 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ నీళ్లు వదిలిన తరువాత, ఎడమ కాల్వ ఈ పొలాలకు చేరి, ఇంట్లో వడ్ల పురి వెలిసింది. మిల్లు వచ్చింది, రోకలి మూలబడింది. గోటితో ఒలవడం మాత్రం ఆమె మానలేదు. చిరంజీవి సంచికలో త్యాగమూర్తి అన్న మాట ఉన్నచోట ఈ గోటిని గురించి రాయాలి. ఆ మాట ఎవరి తల్లికైనా చెల్లుతుంది.

పోకల దమ్మక్క సంగతిని చిరంజీవి ఈ సందర్భంలో తలచుకోవాలి. భద్రాచలం స్థలపురాణం, అంటే క్షేత్రం ఎలా వెలసిందో చెప్పే సంప్రదాయ కథ, ప్రకారం భద్రిరెడ్డిపాలెంలో ఉండిన ఆ భక్తురాలు అడవిలో పుట్ట మధ్య ఉన్న స్వామిని కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి కొలిచింది. నేలకొండపల్లి వాడైన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా వచ్చి, అబుల్ హసన్ తానాషా కాలంలో, గుడి కట్టించి రామదాసు అయింది ఆ తరువాతే. దమ్మక్క ఎన్నేళ్లు బతికిందో ఏ గ్రంథమూ చెప్పదు, ఎవరూ అడగరు. పందిరీ తాటిపండూ అందరికీ తెలుసు. నాయనమ్మ ఆ పేరు ఎత్తితే చాలు చేతులు జోడించేది. గోపన్న కీర్తనలు ఎన్ని వచ్చినా, తాటిపండ్ల కాలంలో తొలిపండును దేవుడి గూట్లో పెట్టిన తరువాతనే పిల్లలను ముట్టనిచ్చేది.

ఆమెకు కోపం ఉండేదన్న సంగతిని కూడా దాచవద్దు. కూతుళ్లను ఏడో తరగతితో మాన్పిస్తామన్నప్పుడు మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు, ఆ మూడు రోజులూ తానూ తినలేదు. ఆ కూతుళ్లలో పెద్దామె సత్తుపల్లిలో ఉన్నది, చెప్పగలదు. తల్లి ఓర్పును గురించి నలుగురూ రాస్తారు, ఈ సంగతి రాయగలిగేది ఇంటివారే.

కనుక మొదటి పుటలో జననం ప్రజోత్పత్తి కార్తీక బహుళం, 1931 అనీ, మరణం విశ్వావసు శ్రావణం, 2025 అనీ ఉంచి, నూరు అన్న సంఖ్యను తీసివేయాలి. ఫసలీ కాగితాన్ని చదివించి తెలుగు చేయించి సంచికలో వేస్తే మంచిది. అసలును తపాలాలో పంపడం క్షేమం కాదు, వచ్చినప్పుడు ఫోటో తీసుకోవచ్చు. అచ్చుకు ఇచ్చే ముందు ప్రతిని ఒకసారి ఇక్కడికి పంపాలి, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే చిన్నతాత కళ్లకు సులువు. చిరంజీవి భార్య ప్రయాణానికి డాక్టరు ఒప్పుకోకపోతే బలవంతపెట్టకూడదు, పుట్టబోయే బిడ్డ క్షేమం ముందు. చిరంజీవి ఒక్కడే వచ్చినా చాలు, సంవత్సరీకానికి రెండు రోజులు ముందుగా రావాలి. పచ్చడి జాడీ కట్టి ఉంచుతారు.

ఇట్లు,
ఆశీర్వదించే చిన్నతాత,
కల్లూరు.