పరుగుపందెములు - దృశ్యఫలకములు

మైపాడు తీరమున తెల్లవారుజామున ఇసుకపై పరుగు సాధన చేయువారికి పెద్దలు చెప్పు మొదటి మాట "వెనుదిరిగి చూడరాదు" అన్నది. తల త్రిప్పినచో అడుగు తడబడును, వేగము తగ్గును. నేటి మహాక్రీడారంగములలోని విశాల దృశ్యఫలకములు ఈ సూత్రమునకు క్రొత్త అర్థమును కల్పించినవి. ఆ మార్పు ఎట్టిదో ఈ చిన్న వ్యాసమున పరిశీలింపదలచితిమి.

1954 ఆగస్టు 7న వాంకోవర్ నగరమున జరిగిన మైలు పరుగును ముందుగా స్మరింతము. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ ముందుండెను. ఇంగ్లండు దేశీయుడు రోజర్ బానిస్టర్ అతనిని వెన్నంటి వచ్చుచుండెను. చివరి మలుపున లాండీ ఎడమ భుజము మీదుగా వెనుకకు చూచెను. ఆ క్షణముననే బానిస్టర్ కుడివైపుగా దాటిపోయి 3 నిమిషముల 58.8 సెకన్లలో గెలిచెను. లాండీకి పట్టిన కాలము 3 నిమిషముల 59.6 సెకన్లు. ముందున్నవానికి వెనుక కన్నులు లేకపోవుటయే వెనుకవానికి బలమని ఈ పందెము చాటినది.

1980లో లాస్ ఏంజెలిస్‌లోని డాడ్జర్ స్టేడియమున మిత్సుబిషి సంస్థవారి డైమండ్ విజన్ ఫలకమును బేస్‌బాల్ ప్రేక్షకుల కొరకు అమర్చిరి. కాలక్రమమున అట్టి ఫలకములు పరుగుపందెముల రంగములకును వచ్చినవి. ప్రేక్షకుని కొరకు పుట్టిన సాధనము పోటీదారునికి కన్ను అయినది. ముందున్నవాడు తల త్రిప్పనక్కరలేదు, కన్నులెత్తిన చాలును. వెనుకవాని ఎత్తుగడ దాగదు.

అయితే ఈ ప్రభావము అన్ని పందెములలో ఒకే తీరున ఉండదు. 100 మీటర్ల పరుగు పది పదకొండు సెకన్లలో ముగియును, చూచుటకు వ్యవధి లేదు. 1500, 5000, 10000 మీటర్ల పందెములలో శక్తిని దాచుకొనుట, అదను చూచి విజృంభించుట ముఖ్యము కనుక అచ్చట దీని ప్రయోజనము అధికము. అచ్చటనైనను పరిమితులు కలవు. ఫలకమునకు ఎదురుగా పరుగెత్తునపుడే అది కనబడును. ఏ దృశ్యమును చూపవలెనో నిర్ణయించువాడు ప్రసార దర్శకుడు. బొమ్మ ఒకింత ఆలస్యముగా రావచ్చును. పోటీ స్థలమున సొంత వీడియో, రేడియో, ఫోను వాడుటను నియమావళి నిషేధించినది. ఫలకము అందరికిని ఉమ్మడిది.

దృశ్యయంత్రము న్యాయమునకును తోడ్పడును. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 100 మీటర్ల హర్డిల్స్ తుదిపోటీలో చైనా క్రీడాకారిణి తుపాకి మ్రోతకు ముందే కదలెను. మన విశాఖపట్టణపు యర్రాజి జ్యోతిని కూడ అధికారులు తొలుత తప్పించిరి. ఆమె అభ్యంతరము తెలిపెను. అధికారులు వీడియోను మరల చూచిరి. తుదకు ఇరువురును పరుగెత్తిరి. పిమ్మట చైనా క్రీడాకారిణిని అనర్హురాలిగా ప్రకటింపగా, 12.91 సెకన్లలో మూడవదిగా వచ్చిన జ్యోతికి రజతము లభించినది.

మా మనవి ఇది. మన విద్యార్థులు సాధన చేయు ఇసుక తీరమున ఫలకము లేదు. రేపు పెద్ద పోటీలకు వెళ్లినపుడు దాని వెలుగునకు మైమరచి అడుగు తప్పరాదు. వెనుకవాని అడుగుల చప్పుడును, తమ శ్వాసను వినుట ముందు నేర్వవలెను. కార్యవర్గమువారు సాధనను చేతిఫోనుతో చిత్రీకరింపజేసి, పరుగు ముగిసిన పిదప విద్యార్థులకు చూపు ఏర్పాటు చేసినచో ఎంతో మేలగును. ఫలకము దూరమును చూపును గాని, ఆ దూరమును దాటవలసినవి కాళ్లే.