గోడలకు చెవులు

గోడలకు చెవులుంటాయని పెద్దలు అనేవారు. నేడు ఆ చెవులు టెలిఫోనుకు కూడా మొలిచాయి.

ప్రజాభద్రత కోసం సంభాషణలను రహస్యంగా వినే అధికారాన్ని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం దానిని కొనసాగించింది. ఇందుకు న్యాయస్థానం అనుమతి అక్కరలేదు. హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు అందగానే టెలికాం సంస్థ ఆ నంబరును వినే ఏర్పాటు చేసి, విషయాన్ని గోప్యంగా ఉంచాలి. ఎవరి మాటలు వింటున్నారో వారికి ఆ సంగతి తెలియదు. అందుచేతనే 1996లో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు విధించింది. ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుంది. పొడిగించినా ఆరు నెలలు మించరాదు. సమీక్షా సంఘం దానిని పరిశీలించాలి.

ఆ సంఘంలోనివారూ ప్రభుత్వాధికారులే. వారికి అసత్యం చెబితే? 2024 మార్చిలో హైదరాబాదులో నమోదైన కేసు ఈ ప్రశ్ననే లేవనెత్తింది. మావోయిస్టుల కదలికలను గమనించవలసిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో కొందరు, మావోయిస్టుల పేరు చెప్పి రాజకీయ నాయకుల, పాత్రికేయుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరు 4 రాత్రి హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని పోలీసుల అభియోగం. నిందితులలో ఒకరైన ఆ సంస్థ మాజీ అధిపతి 2025 జూన్ 8న అమెరికా నుండి శంషాబాదు విమానాశ్రయంలో దిగి, దర్యాప్తుకు హాజరయ్యారు. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానమే.

అదే శంషాబాదులో దిగిన సామాన్య ప్రయాణికుడు "క్షేమంగా చేరాను" అని ఇంటికి ఫోను చేస్తాడు. ఆ మాట అతనిది, అతని ఇంటివారిది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు ప్రకటించింది. రహస్యంగా విన్నవారు ఎవరికో ఒకరికి లెక్క చెప్పవలసి ఉన్నప్పుడే ఆ హక్కు నిలుస్తుంది.