తులసి గురించి మనవరాలికి రాసిచ్చినవి

కొత్త కాపురానికి తులసి మొక్క తీసుకుపోతా, దీన్ని ఎట్లా వాడుకోవాల జేజీ అని అడిగింది. తోచినవి రాసిచ్చినాను.

1. కొనలు తుంచితేనే తులసి గుబురుగా వస్తుంది అమ్మీ. వెన్నులు ముదిరి గింజ పట్టనిచ్చినావంటే ఆకు సన్నబడి, కొమ్మ కట్టెగా మారిపోతుంది. భక్తి ఎక్కువై మొదట్లో పాలు పోసి, పసుపు చల్లి, దీపం నూనె ఒలకబోసేవాళ్లున్నారు. వేరు కుళ్లకేమవుతుంది? బొట్టు కోటకు పెట్టు. మొక్కకు నీళ్లు చాలు.

2. ద్వాదశి నాడు, పొద్దుగూకినాక తులసి కొయ్యరాదనీ, గోరు తగలరాదనీ మీ ముత్తవ్వ చెప్పేది. శాస్త్రం మాట అట్లుంచు. ఇంటిల్లిపాదీ తుంచే మొక్కకు ఆ పూటన్నా తెరిపి.

3. కొండమీద స్వామికి సహస్రనామార్చన చేసేది తులసి దళాలతోనే. ఆ స్వామి తోటకు ఒక కథ ఉంది. చలికి జడవకుండా తిరుమలలోనే ఉండి స్వామికి పూలతోట పెంచేదెవరని రామానుజులవారు అడిగితే, నేనంటా ఆయన శిష్యుడు అనంతాళ్వారు లేచినాడంట. తోట కోసం చెరువు తవ్వుతా, నిండు చూలాలైన భార్య చేత మట్టి మోయించినాడు. ఆమెకు సాయం పట్టిన పిల్లవాడి మీద కోపమొచ్చి గునపం విసిరితే గడ్డానికి తగిలింది. ఆ పిల్లవాడు స్వామేననీ, గడ్డానికి పచ్చకర్పూరం పెట్టేది ఆ గాయానికేననీ కథ. ఆ గునపమని చెప్పేది మహాద్వారం గోడకు ఇప్పటికీ ఉంది. గోవిందా అని తోసుకుంటా పోయేవాళ్లలో తలెత్తి చూసేది ఎందరో! గర్భగుడిలో మూలవరులకు వేసిన పూలు, తులసి భక్తులకివ్వరు, గుళ్లోని పూలబావిలో వేసేది పాత ఆచారం. 2021లో టి.టి.డి. తన గుళ్లలో వాడిన పూలతో అగరొత్తులు చేయించడం మొదలుపెట్టింది. నన్నడిగితే అది మంచి పని.

4. దగ్గు, పడిశానికి పిడికెడు ఆకు, నాలుగు మిరియాలు, చిటికెడు సొంఠిపొడి. రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా కాచు. గోరువెచ్చగా అయినాకే తేనె కలుపు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దు, ఎవరు చెప్పినా సరే. జ్వరం విడవకుంటే కషాయం గిన్నె పక్కనపెట్టి రక్తపరీక్షకు పో. డెంగీని తులసి ఆపదు.

5. తులసాకు నలిపితే లవంగం వాసన వస్తుంది చూడు. రెండింట్లోనూ ఉండేది యూజినాల్ అనే నూనె. పంటినొప్పికి లవంగం పెట్టుకుంటే చురుక్కుమనేది దాంతోనే. కాబట్టి చిక్కటి పసరు లేత చర్మాన్ని మండిస్తుంది. ముందు మోచేతి లోపలి పక్క కొంచెం రాసి ఒకరోజు చూడు. మొటిమలకైతే నూరిన ఆకులో సెనగపిండి, నీళ్లు కలిపి పలచగా రాసి, బిగుసుకోకముందే కడిగెయ్. దోమకాటు దురదకు ఆకు నలిపి రుద్దితే చాలు. తామరకు నిమ్మరసంలో నూరి పట్టించే అలవాటు మన వైపు ఉంది. నిమ్మరసం పూసుకుని ఎండలో తిరిగితే బొబ్బలు లేస్తాయి, నల్లమచ్చలు నెలల తరబడి పోవు. తామర పాకుతా ఉంటే చర్మం డాక్టరే గతి. కంట్లో పసరు పిండే వైద్యం మాత్రం ఎవరింట్లోనూ చెయ్యనివ్వను.

6. చక్కెర మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు రోజూ కషాయం తాగాలంటే డాక్టర్నడగాల. తీర్థంలో రెండాకులకు భయం లేదు.

7. వినాయకుడికి తులసి పెట్టరు, చవితి నాటి ఇరవై ఒక్క పత్రిలో తప్ప. పత్రి కోసం మొక్కను మోడు చెయ్యొద్దు, పూజకు ఒక రెమ్మ సరిపోతుంది.

8. ఎండాకాలం నానబెట్టుకునే సబ్జాగింజలు కోటలో తులసివి కావు, దాని చుట్టం రుద్రజడవి. ఆకు పెద్దది, వాసన వేరు. దాన్ని వేరే కుండీలో వెయ్యి. గింజలు బాగా ఉబ్బినాకే నిమ్మకాయ నీళ్లలో కలుపు, పొడిగా మింగితే గొంతులో పట్టుకుంటాయి.