సముద్రం చూడని పిల్లలకు సునామీ పాఠం

పరిగి పిల్లలకు సునామీ గురించి ఎందుకని కొందరు పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. నిజమే, వాన కోసం ఆకాశం వైపు చూసే సీమ మనది. కానీ మనవాళ్లు నాగూరు దర్గాకు వెళ్తుంటారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో తమిళనాడులో అందరికంటే ఎక్కువ మంది చనిపోయింది ఆ నాగూరు ఉన్న నాగపట్నం జిల్లాలోనే. అక్కడ 6,000 మందికి పైగా పోయారు. మన రాష్ట్ర తీరంలోనూ వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రేపు మన పిల్లలు చదువుకో, పనికో ఏ తీరానికి వెళ్తారో ఎవరికి తెలుసు?

పాఠాన్ని మేము చెరువుతో మొదలుపెడతాం. గాలికి చెరువులో లేచే అల పైపైనే కదులుతుంది. సునామీలో అడుగు నుంచి పైదాకా నీరంతా కదులుతుంది. సముద్రం అడుగున భూమి ఒక్కసారిగా పైకి లేచినా, కిందికి కుంగినా ఇలా జరుగుతుంది. నడిసముద్రంలో అది గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది.

తర్వాత ప్రయోగం. వెడల్పాటి ట్రేలో ఒక పక్క ఇసుకతో ఏటవాలు ఒడ్డు కట్టి, రెండో పక్క నీళ్లు పోస్తాం. ఒడ్డున అగ్గిపెట్టెలతో రెండు రకాల ఇళ్లు: ఒకటి నేలకు ఆనుకుని, ఇంకొకటి పుల్లల స్తంభాల మీద. అట్టతో నీటిని నెట్టి, ఏ ఇల్లు నిలిచిందో పిల్లలనే చూడమంటాం. ఒడ్డున పుల్లలు దట్టంగా గుచ్చి మడ అడవి పెడితే అల జోరు తగ్గుతుందా అనీ చూస్తారు. నీటికి దారి వదలాలన్న సంగతి మన పిల్లలకు కొత్త కాదు. చెరువుకట్టకు మరవ ఎందుకు పెట్టారో వాళ్లకు తెలుసు.

ఇంజనీర్లు అలను ఆపలేరు గానీ సమయం ఇవ్వగలరు. 2004లో సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక అల చెన్నై చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. అయినా ఒడ్డున ఉన్నవారికి కబురు అందలేదు. ఆ లోటు తీర్చడానికే 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. భూకంప నమోదు యంత్రాలు, సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు పంపే సమాచారాన్ని అక్కడ రాత్రింబగళ్లు గమనిస్తారు.

అయితే యంత్రం ఒక్కటే చాలదు. జపాన్‌లోని కమైషి రేవుకు 63 మీటర్ల లోతు నుంచి కట్టిన అడ్డుగోడ ఉండేది. 2011 మార్చి 11న సునామీ దాన్ని బద్దలు కొట్టింది. కానీ ఆ ఊరి బడిపిల్లలు దాదాపు 3,000 మంది బతికారు. అంతకుముందు ఏళ్ల తరబడి బడిలో నేర్చుకున్నట్టే ఎత్తైన చోటికి పరుగెత్తారు, దారిలో చిన్నపిల్లలను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు.

మా పిల్లలు కంఠతా చెప్పేవి మూడు మాటలు. తీరాన ఉన్నప్పుడు నేల గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, ఎవరి కోసమూ ఆగకుండా ఎత్తుకు వెళ్లాలి. వెళ్తూ పదిమందికి అరిచి చెప్పాలి. మొదటి అల పోయిందని వెంటనే కిందికి దిగకూడదు.

ఈ పాఠానికి కావలసింది ఒక ట్రే, బుట్టెడు ఇసుక, ఒక గంట సమయం. దాతలు పుస్తకాలకు, ఫీజులకు చేసే సాయంతో పాటు ఇలాంటి ప్రయోగ సామగ్రికీ, పిల్లలను ఒకసారి హైదరాబాదు కేంద్రానికి తీసుకెళ్లే బస్సు ఖర్చుకీ చేయూతనివ్వాలని మా మనవి. ఆ పిల్లల్లో ఒక్కరికి ఈ మూడు మాటలు వేళకు గుర్తొచ్చినా, పక్కనున్న పదిమందీ బతుకుతారు.