లస్కరు

పాలేరు జలాశయమునకు దిగువన సాగర్ ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు ఖమ్మం జిల్లా రైతునకు లస్కరు అను మాట చిరపరిచితము. తూము తలుపు నెత్తువాడు లస్కరు, దించువాడు లస్కరు. నీటిమట్టమును చూచి పై యధికారికి తెలుపువాడును, వానకాలపు రాత్రి దీపము చేతబట్టి గట్టు వెంట నడచుచు ఎచ్చట గండి పడునో యని కనిపెట్టియుండువాడును అతడే. కాలువ చివరి భూములకు నీరందని నాడు అందరికంటె ముందు తిట్లు తినువాడు కూడ అతడే.

ఈ మాట అచ్చ తెనుగు కాదని వినినంతనే తెలియును. ఇంగ్లీషుదై యుండునని కొందరు, ఉర్దూదై యుండునని కొందరు తలంతురు. ఇంగ్లీషు నిఘంటువును తెరచి చూచినచో అందీ మాట కనబడును గాని, అచ్చట దాని కర్థము ఓడలో పనిచేయు భారతీయ నావికుడని యుండును. కాలువలో పడవయైనను నడవని చోట, సముద్రమును కన్నులార చూచియెరుగని మనిషికి నావికుని పేరెట్లు వచ్చెను?

ఈ మాటకు పుట్టిల్లు పారసీక దేశము. ఆ భాషలో లష్కర్ అనగా సైన్యము. దండు విడిసిన చోటునకు కూడ ఆ పేరే. అచ్చటినుండి ముస్లిము ప్రభువుల కొలువుల ద్వారమున అది మన దేశపు భాషలలో చేరినది. సికింద్రాబాదులో బ్రిటిషు సైన్యము విడిసియుండుటచేత ఆ నగరమునకు లష్కరని వాడుక కలిగినది. ఆషాఢమాసమున అచ్చటి ఉజ్జయినీ మహాకాళికి జరుగు ఉత్సవమును నేటికిని లష్కర్ బోనాలందురు. లష్కరునకు చెందినవాడు లష్కరీ, అనగా సైనికుడు.

ఇది భూమార్గము. ఇదే మాట సముద్రమార్గమునను ప్రయాణము చేసినది. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు పడమటి తీరమున కోటలు కట్టుకొని, ఇచ్చటివారిని తమ సైన్యములలో చేర్చుకొనిరి. వారిని పోర్చుగీసువారు లస్కరిం అని పిలిచిరి. 17వ శతాబ్దమున ఇంగ్లీషువారు వచ్చి ఆ మాటను తమదిగా చేసికొని లస్కర్ అనిరి. ఈ ప్రయాణములో షకారము సకారమైనది. అంతకంటె పెద్ద మార్పు అర్థములో వచ్చినది. 1886లో యూల్, బర్నెల్ అను ఇద్దరు పండితులు హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువును ప్రకటించిరి. భారతదేశములోని ఇంగ్లీషువారు వాడు దేశీయపదముల చరిత్ర అందు కలదు. దాని ప్రకారము లస్కరనగా ఓడలో కూలి నావికుడు, లేదా ఫిరంగుల వద్ద చాకిరి చేయువాడు, లేదా దండులో గుడారములు పాతువాడు. సైనికుడన్న గౌరవము జారిపోయి చాకిరి మాత్రము మిగిలెనన్నమాట.

ఓడపై లస్కరు ఒంటరివాడు కాడు. పదిమంది లస్కర్లపై తండేలు, తండేళ్లపై సరంగు ఉండెడివారు. సరంగు కూడ పారసీక పదమే. సర్‌హంగ్ అనగా దళనాయకుడు. తండేలు సంగతి వేరు. ఇంగ్లీషులో టిండాల్ అని వ్రాయబడిన ఈ మాటకు మూలముగా పై నిఘంటువు మలయాళ రూపముతో పాటు తెలుగు రూపమును కూడ చూపినది. ఓడలపైననే గాక, ప్రభుత్వపు కట్టడములలో కూలివాండ్ర ముఠాకు పెద్దయైన వానిని కూడ టిండాలందురని చెప్పినది. ఈ మూడు మాటలును తెలుగుదేశమున నేటికిని జీవించియున్నవి. గోదావరిపై లాంచీ నడపువానిని సరంగనియే పిలుతురు. గుజరాతు తీరమునకు వేటకు పోవు శ్రీకాకుళపు మత్స్యకారులలో పడవకు నాయకుడైనవాడు తండేలు. 2025లో ఆ పేరుతో చలనచిత్రము రాగా, ఈ పాత మాట పట్టణములలోని పిల్లలకు సైతము తెలిసినది. లస్కరు మాత్రము సముద్రమును వీడి కాలువగట్టు చేరినాడు.

కాలువగట్టునకు వచ్చుటకు ముందు అతడు సముద్రముపై పడిన పాట్లు తెలిసికొనదగినవి. ఇంగ్లండు నుండి వచ్చు ఓడలలో నావికులు అనేకులు రోగములచే మరణించెడివారు, కొందరు పారిపోయెడివారు. తిరుగుప్రయాణమునకు చేతులు చాలక, ఓడల నాయకులు మన రేవులలో లస్కర్లను తక్కువ జీతమునకు కుదుర్చుకొనిరి. అయితే 1660 నాటి ఇంగ్లీషు నౌకాయాన చట్టము ప్రకారము ఓడ నావికులలో మూడు పాళ్లు ఇంగ్లీషువారే కావలెను. కావున లండను చేరునంతవరకు పనికి వచ్చిన లస్కరు, లండను చేరిన పిమ్మట పనికిరానివాడయ్యెను. స్వదేశమునకు పోవు ఓడలో చోటు దొరకువరకు ఆ చలిదేశమున వీధులలో నిరీక్షింపవలసినదే. తగిన బట్టలు లేక, తిండి లేక ఎందరో మరణించిరి. 1857లో గాని లండను రేవు సమీపమున ఆసియావాసుల కొరకు ఒక ఆశ్రయగృహము వెలయలేదు.

ఆవిరి ఓడలు వచ్చిన తరువాత లస్కరు పని ఓడ అడుగునకు దిగినది. కొలిమివంటి వేడిలో బొగ్గును పారతో ఎత్తి పొయ్యిలో వేయుట వారి పాలబడెను. సిల్హెట్, చిట్టగాంగు ప్రాంతములవారును, పంజాబువారును ఈ పనులలో విశేషముగా కుదిరిరి. మొదటి ప్రపంచయుద్ధమున శత్రువుల జలాంతర్గాములు ముంచిన ఓడలలోను, ఇతర విధములను 3,400 మందికి పైగా లస్కర్లు ప్రాణములు కోల్పోయిరి. రెండవ ప్రపంచయుద్ధమున మరణించిన భారతీయ నావికులు 6,600 మంది. కలకత్తాలో గంగ యొడ్డున 1924లో ఆవిష్కరింపబడిన స్మారకమందిర మొకటి కలదు. బెంగాలు, అస్సాములకు చెందిన 896 మంది లస్కర్లకది జ్ఞాపకచిహ్నము.

ఇంక కాలువగట్టు కథ. చెన్నరాజధానిలో ఆనకట్టలు, కాలువలు నిర్మించిన తొలి ఇంజనీర్లు సైనికోద్యోగులు. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట నారంభించి 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ కూడ మద్రాసు సైన్యమున ఇంజనీరే. గుడారములు వేయుటకును, బరువులు మోయుటకును తమ వెంటనుండు లస్కర్ల పేరును వారు కాలువపనిలోని సేవకులకు కూడ పెట్టిరనుట సమంజసము. అదియునుగాక గోదావరి కాలువలు నీటిపారుదలకే గాక పడవల రాకపోకలకును త్రవ్వబడినవి. ఎత్తుపల్లములున్న చోట పడవ దిగుటకు, ఎక్కుటకు లాకులు కట్టిరి. పడవ లోనికి రాగానే వెనుక తలుపు మూయవలెను. నీటిని నింపియో, వదలియో మట్టము సరిచేయవలెను. పిదప ముందు తలుపు తెరవవలెను. ఈ పని చేయువాడు లస్కరు. పడవకును అతనికిని గల పూర్వపు చుట్టరికము ఇచ్చట పూర్తిగా తెగలేదు.

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము కలదు. గోదావరిలో రాతిబండల వలన పడవలకు అడ్డు కలుగు తావులలో అది మొదటిది. ధవళేశ్వరము నుండి వార్ధా నది వరకు పొగపడవలు నడపి, నాగపురపు ప్రత్తిని సముద్రమునకు చేర్చవలెనని కాటన్ పట్టుబట్టగా, హేగ్ అను సైనిక ఇంజనీరు అడవి నడుమ, మన్యపు జ్వరములకు వెరవక, దుమ్ముగూడెమున ఆనకట్టను, లాకులను నిర్మింపజేసెను. అచ్చట ఎందరు కూలివాండ్రు ఆ జ్వరములకు బలియైరో ఆ కట్టడము చెప్పదు. వ్యయము పెరిగి, రైలుమార్గములు వచ్చి, 1871లో ప్రభుత్వము ఆ పథకమును విడిచిపెట్టెను. ప్రత్తి పడవలు రాలేదు.

భద్రాచలము తాలూకా 1874లో చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. నదికి ఆవలి గట్టు నిజాము రాజ్యము. అచ్చట లష్కరనగా సైన్యమే. ఈవలి గట్టున లస్కరనగా తూము కావలివాడు. నడుమ నది పారుచుండగా, ఒకే మాట రెండు గట్లపై రెండు వృత్తులలో నుండెను. 1959లో భద్రాచలము ఖమ్మం జిల్లాలో కలిసినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడినప్పుడు, నిజాము పాలించిన ఆ నేలపై కాలువ కావలివానికి కుదిరిన పేరు లస్కరు. ఓడనెక్కి వచ్చిన మాటయే నిలిచినది.

ఇప్పుడు కొన్ని చోట్ల తూములను విద్యుత్తుతో ఎత్తుచున్నారు. అయినను వానరాత్రి గట్టుపై గండి వెదకుటకు మనిషియే నడువవలసియున్నది.