టోకెలావన్: పగడపు దీవుల భాష

టోకెలావన్ ఆస్ట్రోనేషియన్ కుటుంబంలో ఓషియానిక్ శాఖకు చెందిన పాలినేషియన్ భాష. దక్షిణ పసిఫిక్‌లో 1926 నుంచి న్యూజిలాండ్ పాలనలో ఉన్న టోకెలావ్‌లో ఇంగ్లిష్‌తో పాటు ఇదీ అధికార భాష. అటాఫు, నుకునోను, ఫకావోఫో అనే మూడు పగడపు దీవుల జనాభా సుమారు 1,500. వలసల వల్ల ఈ భాష మాట్లాడేవారు స్వస్థలంలో కంటే న్యూజిలాండ్‌లోనే ఎక్కువ.

తువాలువన్, సమోవన్ దీనికి దగ్గరి భాషలు. రోమన్ లిపిలో రాస్తారు. వర్ణమాలలో 5 అచ్చులు, 10 హల్లులు, మొత్తం 15 అక్షరాలు ఉంటాయి. 19వ శతాబ్దంలో క్రైస్తవ ప్రచారకులతో వచ్చిన సమోవన్ చాలాకాలం చర్చి, చదువుల భాషగా ఉండటంతో దాని ప్రభావం బలంగా పడింది. టోకెలావన్ నిఘంటువు 1986లో వెలువడింది. 2016 నాటి డిస్నీ చిత్రం ‘మోవానా’ పాటల్లోనూ ఈ భాష వినిపిస్తుంది.